మా పిల్లి షుగరు, మా అవ్వ రంగులు

మాది వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. మగ్గం బాపుది. నూలుకు రంగులు అద్దేది మా అవ్వ. మా దిక్కు చాలా ఇళ్లలో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అనే పిలుస్తారు. ఆమె బడి ముఖం చూడలేదు. సంతకం చేయాల్సిన చోట వేలిముద్ర వేసేది. అయితే ఎవరైనా పాత జంపఖానా ముక్క తెచ్చి చూపించి ఇదే ఎరుపు కావాలని అడిగితే, దాన్ని ఎండలోకి తీసుకుపోయి ఒకసారి చూసి, నీడలోకి తెచ్చి మరోసారి చూసి, సాయంత్రానికల్లా అదే ఎరుపు నూలు దండెం మీద ఆరేసేది. రంగు కుదరలేదని ఆమె దగ్గరికి నూలు తిరిగొచ్చిన రోజు నాకు గుర్తులేదు.

నేసే ఇంట్లో పిల్లి ముద్దు కోసం ఉండదు. నూలుకు చింతగింజల గంజి పెడతాం. ఆ వాసనకు ఎలుకలు వస్తాయి. ఒక ఎలుక పడితే నెల పని పోతుంది. అందుకే మా ఇంట్లో ఒక గండుపిల్లి ఉండేది. ఎర్రటి ఒళ్లు, దాని మీద ఇంకా ఎర్రటి గీతలు. నూలు కట్టలు పేర్చిన అటక మీద పడుకుని కిందికి చూస్తూ ఉండేది. దానికి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. పిల్లి అంటే అదే. వాడకట్టు మొత్తానికీ అది చుట్టమే. ఏ గడపలోకి పోయినా పాలబువ్వలో ఇంత చక్కెర వేసి పెట్టేవారు. తిని తిని దిండులా తయారైంది.

నేను ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్న రోజులవి. ఎనభైల మొదట్లో. ఆ ఏడు వానాకాలం పోయాక పిల్లి తీరు మారింది. ఎంత నీళ్లు పెట్టినా చాలేది కాదు. నూలు జాడించిన తొట్టిలో రంగునీళ్లు కూడా తాగబోయేది. మూల మూలకూ తడి చేసేది. తింటూనే ఉన్నా ఒంట్లో కండ నిలవలేదు. వెన్నుపూసలు చేతికి తగిలేవి. అటక మీదికి దూకబోయి సగంలోనే జారి పడేది. కొన్నాళ్లకు వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడవడం మొదలుపెట్టింది. అది నడుస్తుంటే చూడబుద్ధి అయ్యేది కాదు.

ఒకరోజు పొద్దున అవ్వ నన్ను వాకిట్లోకి పిలిచింది. పిల్లి తడిపిన చోట వంగి చూస్తోంది.

"ఇగో, ఇటు రా. ఇది చూడు."

చీమలు. నల్లగా, వరుసలు కట్టి, ఆ తడి చుట్టూ మూగి ఉన్నాయి.

"మీ నాయనమ్మకు గిట్లనే అయితుండె. జాలాట్ల ఆమె ఒంటికి కూసున్న కాడ చీమలు పట్టేటియి. దీనికి గదే బీమారి వచ్చినట్టుంది."

నాయనమ్మ షుగర్‌తోనే పోయింది. ఆమెకు చివరి రెండేళ్లూ సేవ చేసింది అవ్వే.

బాపు మగ్గం గుంటలోంచే నవ్వాడు. "పిల్లికి షుగరేందే? పొద్దుమాపు చాయ్ తాగుతాందా, జిలేబీలు తింటాందా?"

"నవ్వకు. అది ఎండిపోతాంది, నీకు కనవడ్తలేదా?" అంది అవ్వ.

ఆ రోజే ఇద్దరం పశువుల దవాఖానకు పోయాం. పిల్లిని గంపలో పెట్టి, మీద ఇంకో గంప బోర్లించి, నూలుతో కట్టాం. అక్కడ వరుసలో అన్నీ బర్లు, ఎడ్లు. కొమ్ము విరిగిన ఎద్దును పట్టుకున్న ఒక ఆసామి మా గంపలోంచి మ్యావ్ అని వినబడగానే పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. "పిల్లికి గూడ దవాఖాననా? కాలం ఏడికి వచ్చిందిరా!" వరుసంతా నవ్వింది. నాకు కాలేజీ స్నేహితులెవరైనా చూస్తారేమోనని సిగ్గేసింది. అవ్వ మాత్రం గంప ఒడిలో పెట్టుకుని, తన వంతు వచ్చేదాకా కదలకుండా కూర్చుంది.

డాక్టరు నెక్కొండ దిక్కు మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, వాటి నిండా పేడ. పిల్లిని చూసి మొదట ఆయన కూడా కొంచెం విసుక్కున్నాడు. అవ్వ చీమల సంగతి చెప్పేసరికి చేతిలో పని ఆపాడు.

"చీమలు ఎవరు చూసిన్రు?"

"నేనే సారు."

ఆయన పిల్లి మెడ మీది చర్మం పట్టి పైకి లాగి వదిలాడు. అది వెంటనే సర్దుకోలేదు. వెనక కాళ్లు చూశాడు. తర్వాత, "అబద్ధం చెప్పనమ్మా. పిల్లులకు షుగర్ వస్తదని చదువుకునేటప్పుడు పుస్తకంల చూసిన. నా చేతికి మాత్రం ఇప్పటిదాక రాలే. ముందుగాల దాని మూత్రం కావాలె. పట్టుకస్తరా?" అన్నాడు.

బర్రె అయితే చెంబు పట్టవచ్చు. పిల్లి ఇసుక కనబడితే తప్ప కూర్చోదు, ఇసుకలో పోస్తే చుక్క దొరకదు. ఇంటికి వచ్చి నేను ఆలోచిస్తూ ఉండగానే అవ్వ గంజికి దాచిన చింతగింజల బస్తా విప్పింది. అంచున్న ఇనుప పళ్లెంలో గింజలు పోసి, పళ్లేన్ని ఒక పక్కకు వాల్చి మూలలో పెట్టింది. పిల్లి వచ్చి వాసన చూసి, కాలితో గింజలను గీరి, ఇసుకే అనుకుని కూర్చుంది. గింజలు ఏమీ పీల్చుకోలేదు. అంతా పళ్లెం వాలుకు జారి చేరింది. ఖాళీ సీసాలోకి ఒంపి మూత బిగించి పరుగున తీసుకుపోయాం. డాక్టరు ఎట్లా పట్టారని అడిగి, చెప్పగానే పెద్దగా నవ్వి, ఆ ఉపాయాన్ని తన డైరీలో రాసుకున్నాడు.

గాజు నాళికలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం ముందు పచ్చబడి, పసుపుబారి, చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగింది. అంతకుముందు నెలలోనే మా కాలేజీ ల్యాబులో గ్లూకోజు పరీక్షకు అదే ద్రావణం వాడాం. నేను ఆ మాట అనేశాను.

"నీకు వచ్చా? అయితే మంచిదే. ఇగ ఇంట్ల నువ్వే చెయ్యాలె," అన్నాడు డాక్టరు. తర్వాత అవ్వ వైపు తిరిగాడు. "అమ్మా, దీనికి రోజు రెండుసార్లు ఇన్సులిన్ సూది పడాలె. పొద్దున ఒకటి, పొద్దుగూకినంక ఒకటి. ఎప్పుడుదాకనో నాకు తెల్వదు. రోజూ ఇక్కడికి తెచ్చుడు కాదు, మీరే ఇయ్యాలె. ఇయ్యకపోతే నెల బతుకది."

చాలామంది అక్కడి నుంచి గంప ఎత్తుకుని ఇంటికి పోయేవాళ్లే. అవ్వ చీర కొంగు నడుముకు దోపుకుంది.

"ఎట్లనో చూపెట్టు సారు," అంది.

మెడ వెనక చర్మాన్ని గుడారంలా లేపి సూది ఎక్కడ గుచ్చాలో ఆయన చూపించాడు. సిరంజిలో రెండు గీతల దాకా మందు. తినకుండా సూది ఇవ్వకూడదు. తూలినా, పడిపోయినా మందు ఎక్కువైందని గుర్తు. అప్పుడు వెంటనే చిగుళ్లకు బెల్లం నీళ్లు రాయాలి. పాలబువ్వ, చక్కెర బంద్. మాంసం, గుడ్డు, చేప పెట్టాలి. ఇవన్నీ నేను నోటుబుక్కులో రాసుకున్నాను. అవ్వ ఒక్కసారి విని తలూపింది. దారిలో అడిగితే ఒక్క మాట పోకుండా మొత్తం తిరిగి చెప్పింది.

రెండు రోజులు వంకాయకు సూదులు గుచ్చి నేర్చుకున్నాను. మూడో రోజు పిల్లికి ఇవ్వబోయి రెండుసార్లు సూది వెనక్కి తీసుకున్నాను. నవ్విన బాపే మగ్గం ఆపి, పిల్లిని ఒళ్లో పెట్టుకుని, దాని చెవి వెనక గీరుతూ కూర్చున్నాడు. "కానియ్యి బిడ్డా. నేను పట్టిన గద, ఏం ఫికర్ జెయ్యకు," అన్నాడు. సూది దిగినట్టు పిల్లి అసలు గమనించనే లేదు. గిన్నెలోని కార్జం ముక్కల మీదే దాని ధ్యాస.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. కొత్త కుండలో ఇసుక పోసి తడిపి, అందులో ఇన్సులిన్ సీసా గుచ్చి, నీళ్ల గోళెం పక్కన నీడలో పెట్టాం. ఇసుక ఆరకుండా చూసే పని అవ్వది. గాజు సిరంజి మరగబెట్టే పని నాది. వాడకట్టులో ప్రతి గడపకూ అవ్వే పోయి చెప్పింది. "మా పిల్లికి షుగరుంది. జర ఎవ్వలు పాలబువ్వ పెట్టకుండ్రి." కొందరు నవ్వారు. పక్కింటి పెద్దమ్మ నొచ్చుకుంది. "నోరు లేని జీవం, ఉపాసం పెడ్తవా?" అని దెబ్బలాడింది. రెండు రోజులు మాట్లాడకుండా ఉండి, మూడో రోజు తనే చేప తలలు పట్టుకొచ్చింది.

డాక్టరు ఇచ్చిన నీలం మందుతో పరీక్ష రోజూ రెండు పూటలా చేసేదాన్ని. కొలిచి మందు పోయడం, చుక్కలు లెక్కపెట్టడం, దీపం మీద కాచడం నావి. నోటుబుక్కులో తేదీ వేసి ఎదురుగా రంగు రాసేదాన్ని. ఇటుక రంగు అంటే చక్కెర చాలా ఎక్కువ. నారింజ, పసుపుపచ్చ, ఆకుపచ్చ అంటూ తగ్గుతూ వస్తుంది. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. అవ్వ ప్రతిసారీ నా చేతిలోంచి నాళిక తీసుకుని, వాకిట్లో ఎండకు పట్టి, తర్వాత నీడలో పట్టి చూసేది. తనకు అలవాటైన పనే కదా అనుకునేదాన్ని.

వారం తర్వాత మళ్లీ దవాఖానకు పోయాం. ఆ పొద్దున నాకు ప్రాక్టికల్స్ ఉంటే అవ్వ ఒక్కతే ముందు పోయింది. నేను అందుకునేసరికి ఆమెకూ డాక్టరుకూ మాటల తకరారు నడుస్తోంది.

"ఏం రంగు వచ్చిందమ్మా?"

"పచ్చ సారు."

"ఏ పచ్చ? పసుపుపచ్చనా, ఆకుపచ్చనా?"

"నిన్న పొద్దున పసుపు దిక్కు పచ్చ. నిన్న మాపటికి ఆకు దిక్కు పచ్చ. ఇయ్యాల రెంటి నడుమ."

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. "నడుమ అంటే నేనేం రాయాలె?" అని నా నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. అందులో ఒక్క మాటలో రాసి ఉంది కాబట్టి ఆయనకు అదే నచ్చింది. నాకు కొంచెం గర్వంగా అనిపించింది. ఇంటికి వచ్చాక అవ్వ ఒక తాడు తీసి గోడకు మేకు కొట్టి వేలాడదీసింది. మొదటి రోజు ఎరుపు నుంచి ఆ వారం వచ్చిన రంగులన్నీ గుర్తు తెచ్చుకుని నూలుపోగులతో ముడులు వేసింది. ఆ రోజు నుంచి నాళికలో వచ్చిన రంగుకు సరిపోయే నూలుపోగు ఏరి తాడుకు ముడి వేసేది. పొద్దటికి ఒకటి, మాపటికి ఒకటి. సరిపోయే రంగు లేకపోతే రెండు పోగులు పేనేది. ఆకుపచ్చలో ఇంత నీలం కలిసి కనిపిస్తే, మూడు ఆకుపచ్చ పోగులకు ఒక నీలం పోగు. అద్దకం పనికి కూర్చునే ముందు ఆమె మొదటి పని అదే అయింది.

పిల్లి నెమ్మదిగా కోలుకుంది. నీళ్లు తాగడం తగ్గింది. వెన్నుపూసల మీద కండ పట్టింది. మడమలు నేల నుంచి లేచాయి. నెలన్నర అయ్యేసరికి ఒకరోజు అది బస్తా మీదికి, అక్కడి నుంచి కిటికీ మీదికి, అక్కడి నుంచి అటక మీదికి ఎక్కింది. బాపు మగ్గంలో అటూ ఇటూ పోగు నడిపే నాడె పక్కన పెట్టి వీధిలోకి పోయి పక్కింటి వాళ్లను పిలుచుకొచ్చి చూపించాడు. నా నోటుబుక్కులో అప్పటికే వరుసగా ఆకుపచ్చ, ఆకుపచ్చ అని రాస్తున్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున, సిరంజిలో మందు తీస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల ఒక్క గీత చాలు బిడ్డా. రంగు నీలం దిక్కు పోతాంది. మూడు దినాల సంది చూస్తాన్న."

నేను నాళిక చూశాను. నా కంటికి ఆకుపచ్చే. "డాక్టర్ రెండన్నడు. ఆయన చదువుకున్నోడు అవ్వా, నీకేం తెలుసు?" అన్నాను.

ఆ మాట ఆమె ముఖం మీదే అన్నాను. ఆమె చెయ్యి తీసేసింది. నేను రెండు గీతలూ ఇచ్చాను.

పది గంటలప్పుడు అటక మీది నుంచి ఏదో పడిన చప్పుడైంది. పిల్లి. లేచి రెండు అడుగులు వేసి తూలింది. నోట్లోంచి చొంగ కారుతోంది. మెడ ఒక పక్కకు తిప్పుకుని కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను నిలబడిపోయాను. నోటుబుక్కులో రాసుకున్నవేవీ నాకు గుర్తు రాలేదు. అవ్వ అప్పటికే బెల్లం గడ్డ చితక్కొట్టి నీళ్లలో పిసుకుతోంది. పిల్లి తల తొడ మీద పెట్టుకుని, వేలితో దాని చిగుళ్లకు రాసింది. నోట్లో పోయలేదు. పోస్తే ఊపిరిలోకి పోతుందని డాక్టరు చెప్పింది ఆమెకు గుర్తుంది. రాస్తూనే ఉంది. "లే నా తండ్రి, లే," అంటూ ఒకటే మాట. చాలాసేపటికి కాళ్లు కొట్టుకోవడం ఆగింది. ఇంకొంతసేపటికి అది నాలుక బయటపెట్టి ఆమె వేలు నాకింది.

బాపు రిక్షా పిలుచుకొచ్చాడు. అవ్వ గంపతో పాటు గోడ మీది తాడు కూడా తీసి చేతికి చుట్టుకుంది. ఆదివారమైనా అదృష్టం కొద్దీ డాక్టరు దవాఖాన వెనక క్వార్టర్‌లోనే ఉన్నాడు. లుంగీ మీదే వచ్చాడు. పిల్లిని చూసి గండం గడిచిందన్నాడు. నా నోటుబుక్కు తిరగేశాడు.

"పదమూడు రోజులు ఆకుపచ్చనే ఉంది. దీన్ని బట్టి మందు ఎక్కువ కావద్దే," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు.

అవ్వ తాడు తీసి బల్ల మీద పొడుగ్గా పరిచింది. పై కొసన ఎరుపు పోగులు. తర్వాత నారింజ, పసుపు. ఆ తర్వాత పచ్చలు. డాక్టరు వేలు పెట్టి ఒక్కొక్క ముడే చూస్తూ కిందికి వచ్చాడు. నా నోటుబుక్కులో ఒకే మాటగా ఉన్న ఆ పదమూడు రోజులూ తాడు మీద మెట్టు మెట్టుగా దిగుతున్నాయి. ఆకుపచ్చలో ఒక నీలం పోగు, తర్వాత రెండు, తర్వాత సగం సగం. చివరి ముడుల్లో ఆకుపచ్చ వెతికితే కానీ దొరకలేదు.

"ఎవరు కట్టిన్రు ఇది?"

"నేనే సారు."

నేను తల దించుకుని పొద్దున జరిగింది మొత్తం చెప్పాను. అవ్వ ఒక్క గీత చాలన్న సంగతి, నేను అన్న మాట కూడా. దాచాలనిపించలేదు. డాక్టరు నన్ను తిట్టలేదు.

"నీ పుస్తకంల తప్పేం లేదు బిడ్డా. కాకపోతే నీ పుస్తకంల పచ్చ ఒక్కటే ఉంది. మీ అవ్వ కాడ పది పచ్చలున్నయి," అన్నాడు. తర్వాత అవ్వతో, "పిల్లి ఒళ్లు మళ్ల తనంతట తనే మందు తయారు చేసుకుంటాంది అనుకుంట. గట్ల కూడా అయితదని చదివిన. మందు తగ్గిద్దాం. రెండు దినాలకోసారి ఈ తాడు పట్టుకొని రాండ్రి. నోటుబుక్కు అక్కర్లేదు," అన్నాడు.

ఇంటికి వస్తున్నప్పుడు రిక్షాలో నేను ఏడ్చాను. అవ్వ నా వీపు నిమిరి, "నువ్వు దీపం మీద కాయకపోతే నేనేం చూద్దును?" అంది. అంతే. ఆ విషయం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఒక గీత, తర్వాత రోజుకు ఒక్కసారి ఒక గీత, ఆ తర్వాత అసలు వద్దు. సూది ఆపిన రోజు ముగ్గురం నాళిక చుట్టూ కూర్చున్నాం. కాచాను. నీలం నీలంగానే ఉంది. మర్నాడూ అంతే. నెల తర్వాతా అంతే. డాక్టరు నమ్మలేక తన చేతులతో ఒకసారి కాచి చూసుకున్నాడు. ఆ రోజు దవాఖాన వరుసలో బర్లు పట్టుకుని పదిమంది నిలబడి ఉన్నారు. ఆయన వాళ్లందరి ముందు తన గదిలో కుర్చీ జరిపి, "కూసో అమ్మా," అన్నాడు. వేలిముద్ర వేసే మా అవ్వ, రంగులు అంటిన చేతులు కొంగు కింద దాచుకుని, డాక్టరుకు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. ఇంటర్‌లో నాకు ఫస్ట్ క్లాస్ వచ్చిన రోజున కూడా నాకు అంత గర్వం కలగలేదు.

ఆయన తన పై అధికారులకు చూపించడానికి ఆ తాడు అడిగాడు. అవ్వ ఇవ్వలేదు. "ఇది మా పిల్లిది సారు. నీకు వేరేది కట్టిస్త," అని రెండు రోజుల్లో ముడికి ముడి అలాంటిదే ఇంకొకటి కట్టి ఇచ్చింది. ఆయన దాన్ని గదిలో గోడకు వేలాడదీసి, పక్కన కాగితం మీద ఇంగ్లీషులో ఏదో రాసి అంటించాడు. అందులో ఏముందో చదివి చెప్పమంది అవ్వ. చదివాను. చివరి వాక్యం రెండుసార్లు చదివించుకుంది. చూసింది, కట్టింది ఒక అద్దకందారు అని ఉంది అందులో.

పిల్లి ఇంకో అయిదేళ్లు బతికింది. సూది మళ్లీ అవసరం పడలేదు. పాలబువ్వ మాత్రం ఎవరూ పెట్టలేదు.

నేను డిగ్రీలో చేరాక, ఒకరోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి వెనక గల్లీ తాత మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాల కింద ఏదో దాచుకున్నాడు. అడగడానికి మొహమాటపడి చాలాసేపు వానల గురించి, నూలు గురించి మాట్లాడాడు. చివరికి తువ్వాల తీశాడు. చిన్న సీసా, అడుగున ఇంత మూత్రం.

"దవాఖానల పోరడు నా షుగరు చూసి పచ్చ అని రాసిండు బిడ్డా. ఏ పచ్చనో చెప్పలే. నీకైతే తెలుస్తదని వాడకట్టంత అంటాన్రు," అన్నాడు అవ్వతో.

అవ్వ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నన్ను దీపం తెమ్మంది. తర్వాత ఆయన పక్కనే అరుగు మీద కూర్చుంది.

"ముందుగాల ఇది చెప్పు మామా. పొద్దుగాల ఏం తిన్నవ్?"